పోయినవారికి పాట ఉంది, తిరిగివచ్చినవారికో?

అమెరికాలో సైనికులను తలుచుకోవడానికి ఏడాదిలో రెండు రోజులున్నాయి. మే నెల చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే యుద్ధంలో ప్రాణాలు విడిచినవారిది. నవంబరు 11న వచ్చే వెటరన్స్ డే సైన్యంలో పనిచేసిన వారందరిదీ, ముఖ్యంగా ఇంకా మన మధ్య ఉన్నవారిది. మనలో చాలామందికి రెండూ సెలవురోజులే కనుక ఈ తేడా పట్టించుకోము. యుద్ధచిత్రాలకు సంగీతం కూర్చినవారిలో కూడా అధికసంఖ్యాకులు పట్టించుకోలేదని మా అభిప్రాయం. వారు వాయించేదంతా మే నెల సంగీతమే. నవంబరు సంగీతం బహు అరుదు.

మొదట 'ప్లటూన్' సంగతి. 1986లో వచ్చిన ఈ చిత్రం దర్శకుడు ఆలివర్ స్టోన్ స్వయంగా వియత్నాంలో పోరాడి వచ్చినవాడు. చిత్రంలో మన మనసును పట్టుకునే సంగీతం చిత్రం కోసం రాసినది కాదు. శామ్యూల్ బార్బర్ 1936లో, ఇరవై ఆరేళ్ల వయసులో, నాలుగు తీగవాద్యాల కోసం రాసిన రచనలోని ఒక భాగం అది. దానినే పెద్ద వాద్యబృందానికి విస్తరించగా 1938లో టోస్కనీనీ రేడియోలో వాయింపించాడు. స్వరాలు ఒక్కొక్క మెట్టే పైకెక్కి, ఇక ఎక్కలేనిచోట ఆగి, నిశ్శబ్దమై, మళ్లీ కిందనుంచి మొదలవుతాయి. ఏడ్చి ఏడ్చి ఊపిరి అందక ఆగిన మనిషిలా ఉంటుంది. సార్జెంట్ ఎలయస్ వెనుక శత్రువులు తరుముతుండగా చేతులు పైకెత్తి కూలిపోయే దృశ్యానికి ఈ సంగీతం ఎంత అతికిందంటే, ఈ స్వరాలు వినగానే ఆ దృశ్యం తప్ప మరొకటి తోచదు.

అయితే ఒక విషయం గమనించాలి. కొత్త కుర్రవాళ్లు విమానం దిగి, సంచుల్లో కట్టిన శవాలను చూసే మొదటి దృశ్యానికీ అదే సంగీతం. చివర గాయపడిన క్రిస్ ప్రాణాలతో హెలికాప్టరు ఎక్కి వెళ్లిపోయేటప్పుడూ అదే సంగీతం. అంటే చచ్చిన ఎలయస్‌కీ, బతికిన క్రిస్‌కీ ఒకే మంత్రం చదివినట్టయింది. బతికి బయటపడినవాడికి ముందున్నది మరో యాభై ఏళ్ల జీవితం. దానికి కావలసిన స్వరం వేరు. స్టోన్ దర్శకత్వంలో మాకు ఆక్షేపణ లేదు గాని ఈ ఒక్కచోట అతడు సులువైన దారి పట్టాడనిపిస్తుంది.

స్పీల్‌బర్గ్ 1998లో తీసిన 'సేవింగ్ ప్రైవేట్ రయన్'లో సంగీతదర్శకుడు జాన్ విలియమ్స్ చూపిన నిగ్రహం మెచ్చదగినది. ఒమాహా సముద్రతీరంలో సైనికులు దిగి, ఇసుకలో పడి చచ్చే ఆ ఇరవై నిమిషాల పైచిలుకు దృశ్యంలో ఒక్క వాద్యం మోగదు. తుపాకుల చప్పుడు, నీళ్ల చప్పుడు, మనుషుల అరుపులు, అంతే. 'హిమ్ టు ది ఫాలెన్' అనే గంభీరమైన రచన, మాటలు లేని బృందగానంతో, చిత్రమంతా అయిపోయి పేర్లు పడేటప్పుడుగాని వినబడదు. సినిమాహాల్లో జనం లేచి కోట్లు తొడుక్కునే వేళ అది! కూర్చుని విన్నవారికి మాత్రం, చూసినప్పుడు రాని కన్నీళ్లు అప్పుడు వస్తాయి. చూపించేటప్పుడు ఏడవమని చెప్పకుండా, చూపించాక ఏడవడానికి కాస్త చోటిచ్చాడు. ఐనా పేరులోనే ఉంది, అదీ పడిపోయినవారి కోసమే. ముసలివాడైన రయన్ సమాధుల మధ్య నిలబడి తన బతుకు సార్థకమైందా అని భార్యను అడుగుతాడే, ఆ ప్రశ్నకు సంగీతంలో జవాబు లేదు.

మన దేశపు చిత్రాలకు వస్తే, 1964లో చేతన్ ఆనంద్ తీసిన 'హకీకత్'ను మించినది ఇంకా రాలేదని మా నమ్మకం. 1962లో చైనాతో జరిగిన యుద్ధం, లడాఖ్ మంచు, ఓటమి, ఇవీ అందులోని వస్తువులు. చివర చనిపోయిన సైనికుల మీదుగా కెమెరా కదులుతుండగా రఫీ గొంతులో వచ్చే పాట, కైఫీ ఆజ్మీ రాసినది, మదన్ మోహన్ స్వరపరచినది, మనలో హిందీ రానివారికి కూడా తెలుసు. ఆ పాటలో మాట్లాడేది చచ్చిపోతున్నవాడు. వినేది మిగిలిన స్నేహితులు. భూమిని పెళ్లికూతురితో పోలుస్తాడు కవి. మన పెళ్లిళ్లలో ఈ ఘట్టానికి పేరుంది: అప్పగింతలు. కూతుర్ని అత్తవారి చేతిలో పెట్టి, ఇక మీదే భారం అని తండ్రి గొంతు పూడుకుపోయే వేళ. కొత్తగా పెళ్లయిన ఇంట్లో అప్పగింతల పాట విని ఏడవనివాడు ఎవడు? ఆ కన్నీళ్లనే కైఫీ, మదన్ మోహన్ యుద్ధభూమికి తెచ్చారు. అందుకే అది వీరరసం పాట కాదు, కరుణరసం పాటా కాదు. వినేవాడి నెత్తిన బాధ్యత పెట్టే పాట.

(లతా మంగేష్కర్ పాడిన 'ఏ మేరే వతన్ కే లోగో' సినిమా పాటేనని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. కవి ప్రదీప్ రచన, సి. రామచంద్ర సంగీతం, 1963 జనవరి 27న ఢిల్లీ స్టేడియంలో నెహ్రూ సమక్షంలో పాడినది. 2022లో బీటింగ్ రిట్రీట్ ఉత్సవంలో గాంధీగారికి ఇష్టమైన ఇంగ్లీషు కీర్తన తీసివేసి సైనికవాద్యాల మీద ఈ పాట చేర్చారు. ఆ మార్పుపై జరిగిన వివాదంలోకి మేము పోము.)

పడిపోయినవారికి పాడటం మనకేమీ కొత్త కాదు. కారంపూడిలో నేటికీ ఏటా కార్తీకమాసంలో పల్నాటి వీరులకు ఉత్సవం జరుగుతుంది, వీరవిద్యావంతులు వారి కథ పాడతారు. ఎనిమిది వందల ఏళ్ల పైచిలుకు శోకం అది. చచ్చినవాడు మనల్ని ఏమీ అడగడు కనుక అతడికి పాడటం తేలిక అని ఎవరైనా అంటే కోపం రావచ్చు గాని, ఆ మాటలో నిజముంది.

ఇక నవంబరు సంగీతం. ఇక్కడ మా వృత్తి సంగతి కొంచెం చెప్పక తప్పదు. ఈ దేశంలో శిక్షణ పొందిన మన వైద్యులలో చాలామంది వెటరన్స్ ఆసుపత్రుల్లో కొన్ని నెలలైనా పనిచేసినవారే. నర్సు చేతిలోంచి ట్రే జారిపడితే మంచం మీద లేచి కూర్చునే రోగిని అక్కడ చూస్తాము. జూలై నాలుగు బాణసంచా అంటే తలుపులు బిగించుకునే మనిషిని చూస్తాము. ఈ బాధకు మనోవైద్యుల గ్రంథంలో ఇప్పుడున్న పేరు 1980లో గాని చేరలేదు. ఇటువంటి మనిషికి యుద్ధాన్ని గుర్తుచేయడానికి వాద్యబృందం అక్కరలేదు. చప్పుడే జ్ఞాపకం. అతడికి లోపల వినబడేది పక్కన కూర్చున్న మనకు వినిపించగలిగితే, అది సంగీతం చేయగల గొప్ప పని.

ఆ పని 1946లోనే జరిగింది. విలియం వైలర్ దర్శకత్వంలో వచ్చిన 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్' ముగ్గురు సైనికులు ఇల్లు చేరిన కథ. సంగీతం హ్యూగో ఫ్రీడ్‌హోఫర్, దానికి ఆస్కారు బహుమతి వచ్చింది. ముగ్గురిలో ఒకడైన ఫ్రెడ్ బాంబర్ విమానంలో పనిచేసినవాడు. తిరిగివచ్చాక ఉద్యోగం పోయింది, కాపురం చెడింది. ఊరు విడిచిపోబోతూ, తుక్కుకింద కొట్టేయడానికి వరసలుగా నిలబెట్టిన పాత విమానాల మధ్య తిరుగుతూ ఒకదానిలోకి ఎక్కి తన పాత చోట కూర్చుంటాడు. కెమెరా బయటినుంచి విమానం రెక్కలమీద ఇంజన్లుండవలసిన చోట్లను ఒక్కొక్కటే చూపిస్తుంది. అక్కడ ఇంజన్లు లేవు, పీకేశారు. ఐనా మనకు వినబడతాయి! వాద్యబృందమే ఇంజన్ల హోరును పలికిస్తుంది. ఒకటి అందుకుంటుంది, రెండోది అందుకుంటుంది, హోరు పెరుగుతుంది, కదలని విమానం కదిలినట్టే ఉంటుంది. ఫ్రెడ్ ముఖాన చెమట. ఎవడో కింద నిలబడి కేకవేసేసరికి తెగిపోతుంది. ఇంజన్ల చప్పుడునే రికార్డు చేసి పెట్టివుంటే ఆ హోరు బయటిదయ్యేది. సంగీతం కనుక అతడి లోపలిదైంది. మేము చదువుకున్న పాఠ్యపుస్తకాల్లో ఇంత స్పష్టంగా రాసినది చూడలేదు. ఆ తరువాత జరిగేది కూడా బాగుంది: కేకవేసిన మనిషి ఆ విమానాల లోహంతో ఇళ్లు కట్టే పనివాళ్ల మేస్త్రీ. ఫ్రెడ్ అతణ్నే పని అడుగుతాడు.

ఇంకొక దృశ్యం. హోమర్ పాత్ర వేసిన హెరాల్డ్ రస్సెల్ నటుడు కాడు. 1944లో సైనికశిక్షణలో పేలుడు సామగ్రి వల్ల రెండు చేతులూ పోగొట్టుకున్న మనిషి, ముంజేతులకు ఇనుప కొక్కేలు. హోటలు నడిపే మామయ్య అతడికి పియానో నేర్పుతాడు, పిల్లలు రెండు వేళ్లతో టకటకలాడించే 'చాప్‌స్టిక్స్' అన్న చిన్న వాయింపు. హోమర్ కొక్కేలతో వాయిస్తాడు. తడబడతాడు, నవ్వుతాడు. పక్కన వయొలిన్లు లేవు, బృందగానం లేదు. వెనుక దూరంగా టెలిఫోను గదిలో ఫ్రెడ్ తాను ప్రేమించిన పిల్లతో తెగదెంపులు చేసుకుంటుంటాడు, మనకు మాటలు వినబడవు, పియానో మాత్రమే వినబడుతుంది. చేతులు లేనివాడిని చూసి జాలిపడే వ్యవధి మనకు ఇవ్వరు.

1978 నాటి 'డీర్ హంటర్'లోని గిటారు రచన 'కవటీనా' ఇష్టపడేవారు మనలో ఉన్నారు. స్టాన్లీ మైయర్స్ రచన, వాయించినది జాన్ విలియమ్స్, పైన చెప్పిన ఆయన కాదు, అదే పేరున్న గిటారు విద్వాంసుడు. మధురమే గాని ఆ రచన అంతకుముందే 1970లో వేరొక చిత్రంలో వాడినది, యుద్ధంతో దానికి పేగుబంధం లేదు. చివర స్నేహితుణ్ని పాతిపెట్టి వచ్చి బల్లచుట్టూ కూర్చున్నవారు, కాళ్లు పోయినవాడితో సహా, దేశభక్తి గీతాన్ని సన్నటి గొంతులతో ఎత్తుకోవడం మాత్రం నవంబరు సంగీతమే.

తెలుగులో? 2015లో క్రిష్ 'కంచె' తీసి, రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ వెళ్లిన మన సైనికులను తెరమీదికి తెచ్చాడు. సిరివెన్నెల సాహిత్యం, చిరంతన్ భట్ సంగీతం మంచివే. కాని యుద్ధం ముగిసి ఊరికి వచ్చినవారో? పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలటరీ మాధవరమనే పేరు. రెండు ప్రపంచయుద్ధాలకూ అక్కడినుంచి జనం వెళ్లారు. చాలా ఊళ్లలో ఒక 'మిలటరీ తాత' ఉండేవాడు, రోజూ తెల్లవారుజామునే లేచి గడ్డం గీసుకునేవాడు, రేడియో వార్తలు వినేవాడు, రాత్రిళ్లు ఎందుకు నిద్రపోడో ఎవరూ అడిగేవారు కారు. ఆయన మీద ఒక్క పాటైనా మనవాళ్లు కట్టవచ్చు.

సంఘం కార్యవర్గానికి మా మనవి: జనవరి కార్యక్రమంలో పిల్లలచేత లతా పాట పాడించే ఆనవాయితీ మానవద్దు. దానితోపాటు వచ్చే నవంబరులో 'బెస్ట్ ఇయర్స్' ప్రదర్శన ఏర్పాటు చేస్తే బాగుంటుంది. నిడివి మూడు గంటలకు కాస్త తక్కువ, కనుక భోజనాలు ముందే పెట్టాలి. మన వీధుల్లో ఉన్న వయసుమళ్లిన అమెరికన్ సైనికులను కూడా పిలవవచ్చు.