అమిష్‌ల నల్లగొండ చుట్టాలు

అమిష్‌లు కరెంటు వాడరని మొదటి పాఠంలోనే చెప్పేశారు. చెన్నై మే నెల ఉక్కలో, ఏసీ వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ మాట వినడం తమాషాగానే ఉంది. అమెరికాలోని ఈ క్రైస్తవ సమాజం మీద ఓ చిన్న ఆన్‌లైన్ కోర్సులో చేరాను. గుర్రపు బగ్గీలు, గళ్ల బొంతలు, ఆడవాళ్ల తెల్ల టోపీలు... బొమ్మలకు కొదవలేదు.

కరెంటు మాట మాత్రం సగమే నిజం. వాళ్లు వద్దన్నది బయటి నుంచి ఇంట్లోకి వచ్చే తీగను. డీజిల్ ఇంజను పెట్టి, గాలి ఒత్తిడితో రంపాలు నడిపే వడ్రంగి షెడ్లు వాళ్లకున్నాయి. ఫోను చాలామంది ఇళ్లలో ఉండదు గానీ, దారి పక్కన చిన్న గదిలో నాలుగిళ్లకూ కలిపి ఒకటుంటుంది. ఇంట్లోనే మోగితే మనిషి మనిషి ఇంటికి వెళ్లడం మానేస్తాడని వాళ్ల లెక్క. ఏది ఉండాలో ఏది వద్దో ఏ సంఘానికా సంఘం తేల్చుకుంటుంది. ఆ కట్టుబాటును ఆర్డ్‌నుంగ్ అంటారు. ఏడాదికి రెండుసార్లు, ప్రభురాత్రి భోజనానికి ముందు, అందరూ దానికి సరేననాలి. అందుకే పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో బగ్గీ బూడిద రంగుది, ఒహాయోలో నల్లది. వస్తువు కొన్నాక కాదు, కొనకముందే పదిమందీ కూర్చుని మాట్లాడుకోవడం నాకు నచ్చింది. మా అపార్ట్‌మెంటు సంఘంలో లిఫ్టు మరమ్మతుకే అది కుదరదు.

అన్నీ నచ్చాయని కాదు. పిల్లల చదువు ఎనిమిదో తరగతితో ఆపుకునే హక్కు వాళ్లకుందని 1972లో యోడర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పిల్లలకేం కావాలో వాళ్లనూ అడగాలి కదా అని జస్టిస్ డగ్లస్ కొంతమేర విభేదించారు. నా ఓటు డగ్లస్‌కే.

కోర్సులో అన్నిటికన్నా తక్కువ చోటు దక్కింది చరిత్రకు. ఊహ తెలిశాకే బాప్తిస్మం, ఆయుధం పట్టకపోవడం అంటూ 1525లో జూరిచ్‌లో మొదలైన ఉద్యమం నుంచి మెన్నోనైట్లు వచ్చారు. కట్టుబాట్లు సడలుతున్నాయని 1693లో యాకోబ్ అమ్మన్ విడిపోయాడు. అతని వాళ్లే అమిష్‌లు. మెన్నోనైట్లలోనే మరికొందరు రష్యా చేరి, 1860లో మెన్నోనైట్ బ్రదరన్ అనే శాఖ పెట్టుకున్నారు. వాళ్లలోంచే 1889లో అబ్రహాం, మరియా ఫ్రీజెన్ దంపతులు బయల్దేరి మన నల్లగొండకొచ్చారు!

ఇది విన్నాక, వాళ్ల జాడేమైనా దొరుకుతుందేమోనని ఓ ఆదివారం చెన్నై దగ్గరి ముట్టుకాడులోని దక్షిణచిత్రకు వెళ్లాను. 1996లో తెరిచిన ఆ మ్యూజియంలో నల్లగొండ జిల్లా ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు ఉంది. నేత సరే, అదే జిల్లా మెన్నోనైట్ల ఊసు అక్కడ నా కంటబడలేదు. మ్యూజియాన్ని అని లాభం లేదు, తెలుగువాళ్లం మనమే పట్టించుకోలేదు. పెన్సిల్వేనియా బగ్గీ మనకు వింత. పాలమూరులో ఆటో దిగి ఆరాధనకు వెళ్లే మనిషిలో వింతేముంది?

మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి, దేవరకొండ... మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలు అన్నిచోట్లా ఉన్నాయి. జడ్చర్లలో ఆసుపత్రి, శంషాబాద్‌లో బైబిల్ కళాశాల వాళ్లవే. వీళ్ల మీద ఎవరైనా కోర్సు పెడితే చేరడానికి నేను సిద్ధం. ఫోన్లు, బగ్గీల సంగతి తర్వాత. కత్తి పట్టబోమని యూరప్‌లో ప్రాణాలిచ్చినవాళ్ల పట్టుదల నిజాం రాజ్యం దాకా వచ్చాక, 1948లో ఆ రాజ్యం కూలేవేళ ఊళ్లు తగలబడుతున్నప్పుడు, ఏమైందో ముందు అది చెప్పాలి.