తెలిసినవాళ్ళకు చెప్పే తిండి, తెలియనివాళ్ళకు చెప్పే తిండి

కర్నూలు జిల్లా కోడుమూరులో ఉగ్గాని గురించి ఎవరూ మాట్లాడరు, తింటారు. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిపాయ పచ్చిమిరపకాయల తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. తినేవాడు ఆ పది నిమిషాలూ వాన గురించో, పిల్లల ఫీజుల గురించో మాట్లాడతాడు. ఉగ్గాని మీదికి మాట మళ్ళాలంటే గుంటూరు నుంచో హైదరాబాదు నుంచో ఒక కొత్త మనిషి వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. అప్పుడు హోటలాయన 'ఇది మా సైడు టిఫిన్ సార్' అని మొదలుపెడతాడు. తిండి గురించిన మాట ఎలా ఉంటుందన్నది ఎవరితో మాట్లాడుతున్నామన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. తిండి మీద పాడ్‌కాస్టులూ రేడియో కార్యక్రమాలూ విన్నకొద్దీ, వాటి బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయన్న నమ్మకం నాకు గట్టిపడింది.

రెండింటిని పక్కపక్కన పెడతాను. ఒకటి బీబీసీ రేడియో 4లో 1979లో మొదలై, ఇప్పుడు పాడ్‌కాస్ట్‌గా ప్రపంచంలో ఎక్కడైనా వినిపించే 'ది ఫుడ్ ప్రోగ్రామ్'. రెండోది జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరు ఊళ్ళో దళిత మహిళలు నడిపే సంగం రేడియో. మొదటిది తెలియనివాళ్ళకు చెబుతుంది. రెండోది తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళతోనే మాట్లాడుకునేది.

'ది ఫుడ్ ప్రోగ్రామ్' మొదలుపెట్టిన డెరెక్ కూపర్ వంటల మనిషి కాదు, పాత్రికేయుడు. వంట ఎలా చేయాలో చెప్పడం ఆయనకు ముఖ్యం కాదు. పళ్ళెంలోకి వచ్చింది ఎక్కడినుంచి వచ్చింది, దాంట్లో ఏం కలిపారు, ఎవరు లాభపడ్డారు అన్నవే ఆయన ప్రశ్నలు. ఆ తర్వాత షీలా డిల్లన్ అదే దారిలో నడిచారు. పశువులకు వచ్చిన పిచ్చి జబ్బు మనుషులకు అంటదని బ్రిటిష్ ప్రభుత్వం అభయమిస్తున్న కాలంలో ఆ జబ్బు గురించి అడిగిన కొద్దిమంది విలేకరుల్లో ఆమె ఒకరు. మనుషులకూ ముప్పు ఉండొచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నది 1996 మార్చిలో. తిండి గురించిన కార్యక్రమం అంటే రుచుల ముచ్చట అనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. వినేవాళ్ళకు ఏమీ తెలియదు అనుకుని మొదలుపెడితేనే ఇలాంటి ప్రశ్నలు పుడతాయి. అందరికీ తెలిసిందే కదా అనుకున్నచోట ఎవరూ దేన్నీ అడగరు.

ఆ పద్ధతిలో ఉన్న లోటు కూడా అక్కడే కనబడుతుంది. ఆ కార్యక్రమం నుంచే వచ్చిన డాన్ సలాడినో 2017లో టాంజానియాలోని హడ్జా వేటగాళ్ళ దగ్గరికి వెళ్ళారు. వెంట లండన్ ప్రొఫెసర్ టిమ్ స్పెక్టర్ ఉన్నారు. హడ్జా వాళ్ళు ఈల వేస్తే ఒక పిట్ట జవాబిస్తూ తేనెతుట్టె ఉన్న చెట్టు దాకా దారి చూపిస్తుంది. చెవికి ఇంతకంటే గొప్ప సన్నివేశం ఉండదు. సలాడినో తర్వాత 2021లో రాసిన 'ఈటింగ్ టు ఎక్స్‌టింక్షన్' పుస్తకంలోనూ ఆ తేనెకు చోటిచ్చారు. కానీ ఆ ప్రయాణానికి నడుం కట్టించిన ప్రశ్న మాత్రం, హడ్జా తిండి మూడు రోజులు తింటే ప్రొఫెసర్ గారి పేగుల్లోని సూక్ష్మజీవులు ఎంత మారతాయి అన్నది. అడవి వాళ్ళ తిండి లండన్ కడుపుకు మందు అయింది. హడ్జా మనిషి మాట దుభాషి నోటి నుంచి, అడిగిన దానికి జవాబుగా మాత్రమే మనకు చేరుతుంది. తన తిండి గురించి అతను తనంతట తానే మొదలుపెట్టి ఉంటే దేనితో మొదలుపెట్టేవాడో ఆ కార్యక్రమం చెప్పలేదు. సలాడినో నిజాయితీని నేను శంకించడం లేదు. దూరం నుంచి వచ్చి అడిగేవాడి పద్ధతికి ఉన్న హద్దు అది.

ఇక మాచ్‌నూరు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో దళిత మహిళలను సంగాలుగా కూడగట్టి, బీడు పడిన నేలల్లో మళ్ళీ జొన్నలూ కొర్రలూ పండించింది. ఆ ఆడవాళ్ళే తమకొక రేడియో కావాలన్నారు. యునెస్కో సాయంతో 1998లోనే స్టూడియో సిద్ధమైంది. గాలిలోకి వదలడానికి మాత్రం అనుమతి రాలేదు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే దారి 2006 విధానంతోగానీ తెరుచుకోలేదు. ఆ పదేళ్ళూ వాళ్ళు ఊరుకోలేదు. క్యాసెట్లలో రికార్డు చేసి సంగం మీటింగుల్లో వినిపించుకున్నారు. చివరికి 2008 అక్టోబరు 15న, ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్ చేతుల మీదుగా 90.4 మెగాహెర్ట్జ్ మీద సంగం రేడియో పలికింది. గ్రామీణ మహిళల అంతర్జాతీయ దినం కూడా అదే రోజు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు ఆ మైకు ముందు కూర్చుని, రికార్డింగు నుంచి ప్రసారం దాకా అన్నీ తామే చూసుకున్నారు.

దాని మీద తీసిన డాక్యుమెంటరీల్లో, బయటికి వచ్చిన రికార్డింగుల్లో విన్నప్పుడు నన్ను పట్టుకున్నది ఏమిటంటే, అక్కడ ఎవరూ కొర్ర అంటే ఏమిటో చెప్పరు. ఏ వానకు వేయాలి, ఏ చేనులో కంది పక్కన ఏది నిలబడుతుంది, విత్తనాన్ని బూడిదా వేపాకూ కలిపి ఎట్లా దాచాలి, కలుపని పీకి పారేసే దొగ్గలి కూరను ఎట్లా వండితే బాలింతకు మంచిది, ఇట్లా సాగుతుంది మాట. తిండి అక్కడ పొయ్యి దగ్గర మొదలవదు, విత్తనం దగ్గర మొదలవుతుంది. మాట్లాడే ఆమె జహీరాబాద్ యాసను సవరించుకోదు. వినే ఆమె పక్క ఊళ్ళోదే కనుక తప్పు చెబితే సంతలో పట్టుకుని నిలదీస్తుంది. తిండి మీద వ్యాఖ్యానానికి ఇంతకంటే గట్టి పరీక్ష లేదు. లండన్ వ్యాఖ్యాత హడ్జా గురించి పొరపాటు చెప్పినా, ఆయనను అడగడానికి హడ్జా మనిషి రాడు.

అందుకే మాటలోని నిజాన్ని బట్టి చూస్తే నేను సంగం రేడియో వైపే మొగ్గుతాను. అక్కడ ఆశ్చర్యం నటించే పని లేదు. ఇప్పటి పాడ్‌కాస్టుల్లో నన్ను అలసట పెట్టేది ఆ ఆశ్చర్యమే. ప్రతి రెండు నిమిషాలకూ ఒక 'అబ్బ, నిజంగానా' వినిపించకపోతే వినేవాళ్ళు జారిపోతారేమోనన్న భయం వాటిలో కనిపిస్తుంది.

అయినా బయటి నుంచి వచ్చి అడిగే పద్ధతిని తీసిపారేయలేను. 2014 నుంచి సింథియా గ్రేబర్, నికోలా ట్విల్లీ నడుపుతున్న 'గ్యాస్ట్రోపాడ్' ఏ పదార్థాన్ని తీసుకున్నా దాని చరిత్రనూ శాస్త్రాన్నీ కలిపి తవ్వుతుంది. తిండిని చల్లగా ఉంచి దూరాలకు పంపే ఏర్పాటు మన ఆహారాన్నీ ఊళ్ళనూ ఎట్లా మార్చేసిందో ట్విల్లీ 2024లో 'ఫ్రాస్ట్‌బైట్' అని ఒక పుస్తకమే రాశారు. అది చదువుతుంటే నాకు పత్తికొండ టమాటా మార్కెట్టే కళ్ళ ముందు మెదిలింది. ధర పడిపోయినప్పుడు పత్తికొండలో, ఆస్పరిలో రైతులు గంపలు గంపలుగా టమాటాలను రోడ్డు పక్కన పారబోసి ఖాళీ చేతులతో ఇల్లు చేరతారు. ఈ కథను సంగం రేడియో పద్ధతిలో వింటే, కోత కూలీ ఎంత, బండి కిరాయి ఎంత, ఎంతకు అడిగారు, ఎందుకు పారబోశాను అన్నది రైతు తన నోటితో చెబుతాడు. గ్యాస్ట్రోపాడ్ పద్ధతిలో వింటే, అదే టమాటాను అదే వారం ఇంకో దేశంలో చల్లగదిలో ఎట్లా దాస్తారు, దాచినందువల్ల రుచిలో ఏం పోతుంది, ఆ చల్లగది ఎవరి పెట్టుబడితో నిలుస్తుంది అన్నది తెలుస్తుంది. మొదటిది లేకపోతే రెండోది ఊరికే విజ్ఞానం. రెండోది లేకపోతే మొదటిది ఏటా పేపర్లో ఫోటోగా వచ్చి పోయే ఏడుపు.

దృశ్యం సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆంధ్రలో మస్తానమ్మ, తెలంగాణలో 'గ్రాండ్‌పా కిచెన్' నారాయణరెడ్డి యూట్యూబులో కోట్లమందికి వంట చూపించారు. ఆమె 2018లో, ఆయన 2019లో కన్నుమూశారు. వాళ్ళ మీద నాకు గౌరవమే. కానీ వీడియోలో కన్నే పని అంతా చేస్తుంది, మనిషి చెప్పాల్సింది తక్కువ. చెవి అట్లా కాదు. మాట లేకపోతే అక్కడ తిండే లేదు.

సంగం రేడియో హద్దులు కూడా చెప్పుకోవాలి. సముదాయ రేడియోకు ఇచ్చే శక్తి చిన్నది. ప్రసారం పాతిక కిలోమీటర్ల దాకా అందుతుందేమో, కోడుమూరులో రేడియో ఎంత తిప్పినా పట్టదు. ఇంకొకటి, తెలిసినవాళ్ళ మధ్య మాట్లాడుకునేటప్పుడు 'ఎందుకు' అన్న మాట తక్కువగా వస్తుంది. ఉగ్గానినే తీసుకోండి. జొన్నలూ కొర్రలూ పండే మెట్ట సీమలో పొద్దున తినేది వడ్ల బొరుగులు ఎందుకయింది? హద్దు దాటి బళ్ళారి, రాయచూరు పోతే దాదాపు ఇదే తిండి ఒగ్గరణె పేరుతో ఎదురవుతుంది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలోవే. తుంగభద్ర ఆనకట్ట కట్టాక దిగువ కాలువ కింద ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు వైపు వరి మళ్ళు వచ్చాయి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక జొన్న రొట్టె తినే ఇళ్ళలో కూడా అన్నం రోజువారీ తిండి అయింది. ఒక ఉగ్గాని పళ్ళెం వెనుక రాష్ట్రాల పంపకం, ఒక కాలువ, ఒక రేషన్ దుకాణం ఉన్నాయేమో చూడాలి. కోడుమూరు హోటల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. బయటి మనిషి అడగాలి, లేదా లోపలి మనిషే కాసేపు బయటికొచ్చి నిలబడి అడగాలి.

ఆ నిలబడేవాళ్ళు ఇక్కడే ఉన్నారు, వినేవాళ్ళూ ఉన్నారు. కోడుమూరులో, ఎమ్మిగనూరులో గుంట మగ్గం మీద కూర్చున్న నేతగాడికి చేతులూ కాళ్ళూ కళ్ళూ ఖాళీ లేవు, చెవులు ఉన్నాయి. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టిన కాలం నుంచీ ఈ సీమ కూర్చుని పనిచేసే సీమ. ఇప్పుడు మగ్గం పక్కన ఫోనులో సినిమా పాటలు మోగుతుంటాయి. వేరుశనగ బుడ్డలు ఒలిచే ఆడవాళ్ళ దగ్గరా అంతే. తిండి మీద ఒక మంచి తెలుగు పాడ్‌కాస్టుకు మొదటి శ్రోతలు వీళ్ళే. హైదరాబాదు ట్రాఫిక్కులో కారు నడిపేవాళ్ళ వంతు ఆ తర్వాత.

అట్లాంటిది ఇక్కడ ఎవరైనా మొదలుపెడితే, మొదటి మాట ఉగ్గాని అంటే ఏమిటో చెప్పేది కాకూడదని నా పట్టు. బొరుగుల బట్టీ నడిపే మనిషి వడ్లను ఎంతసేపు నానబెడతాడో, ఇసుక ఎంత కాగాలో, ఏ రకం వడ్లయితే బొరుగు విరగదో చెప్పుకుంటూ పోనివ్వాలి. గురెళ్ళ కారం నూరే అవ్వను ఆపి మనం అర్థం చెప్పకూడదు. కొర్ర వేసిన రైతు 'సూర్యనంది వేసినాం' అంటే, అది నంద్యాల పరిశోధనా స్థానంలో పుట్టిన రకమని వినేవాడికి తెలుసు, తెలియనివాడు పక్కవాణ్ణి అడుగుతాడు. ఇంతవరకూ మాచ్‌నూరు దారి. ఆ తర్వాత డెరెక్ కూపర్ పద్ధతిలో అడగాల్సినవి ఉన్నాయి. బజ్జీ వేగిన నూనె ఎక్కడిది? ఆదోని మిల్లుల్లో ఆడిన బుడ్డల నూనె పోయి పామాయిల్ ఎప్పుడు వచ్చింది? దాన్ని ఎన్నిసార్లు కాస్తున్నారు? ఈ ప్రశ్నలకు హోటలాయన ముఖం చిట్లించవచ్చు. అడగక తప్పదు. కార్యక్రమంలో ఎడిట్ చేయకుండా ఉంచాల్సింది ఆ చిరాకునే.