శిష్టుల భాష చాలునా? గిడుగు 'తెలుగు' పత్రిక: ఒక విమర్శ

ఒక ప్రాంత సంస్కృతిని, సమాజాన్ని అధ్యయనం చేయుటకు పరిశోధన పత్రికను ప్రారంభించదలచినవారు ముందుగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఎవరిని గూర్చి రాస్తున్నామో వారు దానిని చదివి, జవాబు చెప్పగలరా? ఉత్తరాంధ్ర ఈ ప్రశ్నను వంద సంవత్సరాల క్రితమే ఎదుర్కొన్నది.

1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తన పత్రిక ద్వారా ప్రాచీన సాహిత్యానికి గొప్ప సేవ చేసింది. అయితే భాషావివాదంలో అది గ్రాంథికం పక్షాన నిలిచింది. వ్యావహారికం పక్షాన గిడుగు వేంకట రామమూర్తి 1919లో 'తెలుగు' మాసపత్రికను ప్రారంభించారు. పుస్తకాల భాష ప్రజల నోటిమాటకు దగ్గర కావాలన్నది దాని వాదన. పత్రిక ఎక్కువ కాలం నడవలేదు గాని, వాదన గెలిచింది.

అయినను ఆ గెలుపుకు ఒక హద్దున్నది. ఆ ఉద్యమం కోరినది 'శిష్ట' వ్యావహారికం, అనగా చదువుకున్నవారు మాట్లాడే తెలుగు. చదువు అందనివారి మాట గుమ్మం బయటే ఉండిపోయింది. దళిత, బహుజన విమర్శకులు ఎత్తిచూపిన ఈ లోపంతో మేము ఏకీభవిస్తున్నాము.

ఈ లోపం వలన కలిగే నష్టం యారాడ తీరాన తెలుస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవల ఉన్న ఈ గ్రామానికి ఒక ప్రక్క 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవు, మరొక ప్రక్క ఉక్కు కర్మాగారం, 2009లో మొదలైన గంగవరం రేవు ఉన్నాయి. గాలికి, అలకు, వలకు, చేపకు ఈ తీర మత్స్యకారులకు తమవైన మాటలున్నాయి. అవి సముద్రాన్ని గూర్చిన శాస్త్రం. వేట మానిన ఇంట ఆ మాటలు పెద్దలతోనే సమాధి అవుతాయి. వాటిని ఏ 'శిష్ట' పత్రిక అచ్చు వేస్తుంది?

గిడుగు జీవితంలోనే మేలైన మాదిరి ఉన్నది. ఆయన సవరల నోట వారి భాష నేర్చుకొని, వారికొరకు పాఠ్యపుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ముందు వినుట, తరువాత రాయుట, రాసినది వారికే తిరిగి ఇచ్చుట: ప్రాంతీయ పత్రికకు 'తెలుగు' కంటె ఈ సవర కృషియే సరైన పునాది అని మా అభిప్రాయం.

పెంతెకొస్తు నాడు జనులు దేవుని గొప్ప కార్యాలను తాము పుట్టిన భాషలలోనే విన్నారు. ముందుగా శిష్టుల భాష నేర్చుకొని రమ్మని ఆత్మ వారిని పంపివేయలేదు.

కాబట్టి ఉత్తరాంధ్రను గూర్చి కొత్త పత్రిక వచ్చినప్పుడు సంపాదక వర్గంలోని పట్టాలను లెక్కించి తృప్తిపడరాదు. మాట చెప్పిన మత్స్యకారుని పేరు, అతడు ఒప్పుకొంటే, వ్యాసకర్త పేరు ప్రక్కన అచ్చు కావాలి. అచ్చుకు ముందు వ్యాసం అతని ఊరిలో చదివి వినిపించబడాలి. తీర గ్రామాలలో పరిచర్య చేయు కాపరులు, వేదాంత విద్యార్థులు ఈ పనికి దగ్గరగా ఉన్నారు. వారు బోధించుటకే గాక, వినుటకును పిలువబడినవారు.