టేపులో లేనిది

పదకొండేళ్ల సోఫీ చేతిలో చిన్న కామ్‌కార్డర్. టర్కీలో ఓ మామూలు హోటల్ గది. తండ్రి కేలమ్‌ను ఆటపట్టిస్తూ వీడియో తీస్తోంది. పదకొండేళ్లప్పుడు పెద్దయ్యాక ఏమవుతాననుకున్నావని అడుగుతుంది. బొమ్మ అక్కడే ఆగిపోతుంది. షార్లెట్ వెల్స్ తొలి సినిమా 'ఆఫ్టర్‌సన్' (2022) మొదలయ్యేది ఈ టేపుతోనే.

కొంతసేపటికి అదే సంఘటన మళ్లీ వస్తుంది, ఈసారి 35 ఎంఎం ఫిల్మ్ మీద. బొమ్మ ఎందుకు ఆగిందో అప్పుడు తెలుస్తుంది. కేలమ్ ముఖం మారిపోయింది, కెమెరా ఆపేయమన్నాడు. దానికి తగిలించిన టీవీ నల్లబడింది. అప్పుడు గానీ అతను నోరు విప్పలేదు: తన పదకొండో పుట్టినరోజు ఇంట్లో ఎవరికీ గుర్తే లేదట. ఆ మాట చెబుతున్న తండ్రి, వింటున్న కూతురు ఆరిపోయిన టీవీ అద్దంలో మసగ్గా కనిపిస్తారు.

అసలు సంగతి టేపుకెక్కలేదన్నమాట.

తండ్రి ఈడుకొచ్చిన సోఫీ ఆ టేపులు వేసుకుంటే దొరికేవి నవ్వులు, వెక్కిరింతలు, ఊగిసలాడే దృశ్యాలు. మిగతాది ఆమె గుర్తుచేసుకున్నదో, ఊహించుకున్నదో. ఛాయాగ్రాహకుడు గ్రెగరీ ఓక్ దాన్ని ఫిల్మ్ మీద తీయడం ఎంతో బాగా కుదిరింది.

పాతదనం కోసం ఇప్పుడు డిజిటల్ దృశ్యాల మీద గీతలు, సన్నటి నలుసుల్లాంటి గ్రెయిన్ అద్దుతున్నారు. ఫిల్మ్‌లో గ్రెయిన్ వెండి లవణాల స్ఫటికాల వల్ల పుడుతుంది, ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకేలా ఉండదు. దాన్ని అనుకరించడం నేడు పెద్ద కష్టం కాదు. కానీ అలా పాతగా మార్చిన దృశ్యం కథలో ఎవరిది, ఎవరు తీశారు, ఎందుకు ఆపేశారు? వీటికి జవాబు లేని గీతలు ఉత్త సోకులే. ఆ మాటకొస్తే సోఫీ వాడిన మినీడీవీ క్యాసెట్‌లో రికార్డయ్యేది డిజిటల్ సమాచారమే. అయినా ఆ టేపు గుండెను పిండేస్తుంది.

మన ఇళ్లలోనూ తొంభైల నాటి పెళ్లి క్యాసెట్లను బూజు పట్టకముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటున్నారు. ఊగిన ముక్కలు, నేల మాత్రమే కనిపించే ముక్కలు తీసేయమని చెప్పేవాళ్లున్నారు. దయచేసి తీయించకండి. వీడియో అతను కెమెరా ఆపడం మరిచి భోజనాల వైపు నడిచిన ఆ కాసేపట్లోనే, సాంబారు ఇటు రాలేదని కేకేసే పెద్దమ్మ గొంతు ఉంటుంది. తలంబ్రాల మీద సినిమా పాట అతికించిన చోట అది దొరకదు.