కట్ట తెంపని పనితనం

బీర్కూర్ పక్కనే మంజీర పారుతుంది. ఎగువన ఆ నది మీదే నిజాంసాగర్ ఉంది. 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. దాని కాలువల నీళ్లతో బతికే మాకు నీరటి పని కొత్త కాదు. చివరి మడికి నీళ్లందలేదంటే మంచి నీరటి ముందు పార అందుకోడు. మడి నుంచి పిల్లకాలువకు, పిల్లకాలువ నుంచి తూముకు గట్టు వెంట నడిచిపోయి, నీళ్లు ఎక్కడ ఆగాయో కళ్లారా చూస్తాడు. ఆ తర్వాతే చెయ్యి పెడతాడు. కిందటి యాసంగిలో ఇదే పనితనాన్ని ఒక బియ్యం మిల్లు ఆఫీసులో, కంప్యూటర్ ముందు చూశాను.

ఆ మిల్లులో మూడు కంప్యూటర్లు. కాంటా దగ్గర ఒకటి, గుమాస్తా బల్ల మీద ఒకటి, రెండూ విండోస్‌వి. మూలనున్న పాత పెట్టె లినక్స్‌ది. ఫైళ్లన్నీ దాంట్లోనే ఉంటాయి. ఈ రెండు రకాల మధ్య దుబాసీ సాంబా అనే సాఫ్ట్‌వేర్. కాన్‌బెర్రాలో పరిశోధన విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో దీని తొలి రూపాన్ని లోకానికిచ్చాడు. తీగల మీద కంప్యూటర్లు ఏం మాట్లాడుకుంటున్నాయో ప్యాకెట్టు వెంట ప్యాకెట్టు గమనించి, ఆ భాషను తానే పట్టుకున్నాడు. సాంబా పుట్టుకలోనే ఓపిగ్గా గమనించే గుణం ఉంది.

ఆ రోజు కాంటా మీద వడ్ల లారీ నిలబడింది. తూకం ఫైలు తయారు కావడం లేదు. రిపేరుకొచ్చిన అబ్బాయికి కాంటా కుర్రాడు చెప్పాడు:

“అన్నా, యాసంగి ఫోల్డర్ తెరుసుకుంటుంది. లోపలి ఫైళ్లు కనబడుతున్నయ్. కొత్తది పెడదామంటే పర్మిషన్ లేదంటుంది.”

“వానాకాలం ఫోల్డర్‌ల పెట్టి చూసినవా?”

“లేదన్నా.”

“పెట్టు, చూద్దాం.”

పెట్టాడు. ఫైలు వచ్చింది.

ఆ ఒక్క పరీక్ష ఎంత పని చేసిందో చూడండి. రెండు ఫోల్డర్లూ ఒకే డిస్కులో, ఒకే షేర్ కింద ఉన్నాయి. కాబట్టి తీగ బాగుంది, పాస్‌వర్డ్ బాగుంది. డిస్కు నిండలేదు. డిస్కు చెడి చదవడానికి మాత్రమే అన్న స్థితిలోకీ పోలేదు. షేర్‌లో రాయడానికి సాంబా ఒప్పుకుంటోంది. అరనిమిషంలో అయిదు అనుమానాలు తీరిపోయాయి.

లినక్స్ ఊరికే కాదనదు. కాదన్న ప్రతిసారీ కారణానికి ఒక నంబరిస్తుంది. 13 అంటే అనుమతి లేదు. 28 అంటే జాగా లేదు. 30 అంటే డిస్కు చదవడానికే. జాగా మిగిలి ఉన్నా, ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున కావాల్సిన ఐనోడ్‌లు అయిపోతే కూడా 28 వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు జాగా చూపే డీఎఫ్ ఆజ్ఞను ఐ అక్షరం చేర్చి కూడా చూస్తారు. ఇక్కడ ఆ అవసరం పడలేదు.

ఆ అబ్బాయి పాత పెట్టె ముందుకెళ్లి, కాంటా కుర్రాడి పేరుతోనే యాసంగి ఫోల్డర్‌లో టచ్ ఆజ్ఞతో ఒక ఖాళీ ఫైలు పెట్టబోయాడు. అక్కడా అనుమతి లేదనే వచ్చింది. అంటే మధ్యలో సాంబా లేకపోయినా లినక్సే కాదంటోంది. అప్పుడు నేమ్‌ఐ అనే ఆజ్ఞను ఎల్ అక్షరం చేర్చి ఇచ్చాడు. అది మొదటి ఫోల్డర్ నుంచి చివరిదాకా దారిలోని ప్రతి మెట్టు అనుమతులనూ వరసగా చూపిస్తుంది. గట్టు వెంట నడవడమంటే ఇదే. చివరి వరసలో చిక్కు దొరికింది: అంకెల్లో చెప్తే 755.

ఈ మూడంకెలు యజమానికి, గుంపుకు, మిగతావాళ్లకు. చదవడానికి 4, రాయడానికి 2, లోపలికి వెళ్లడానికి 1. గుంపుకూ మిగతావాళ్లకూ వచ్చిన 5లో 4 ఉంది, 1 ఉంది, 2 లేదు. లినక్స్‌లో ఫోల్డర్ అంటే పేర్ల పట్టీ. కొత్త ఫైలు పెట్టడమంటే ఆ పట్టీలో ఒక పేరు రాయడం. పట్టీని చదవొచ్చు గానీ రాయకూడదు కాబట్టి ఫోల్డర్ తెరుచుకుంది, కొత్త ఫైలు మాత్రం రాలేదు. లేని ఆ 2 దగ్గరే లారీ ఆగింది.

ఇక్కడ చాలామంది 777 కొట్టి, అందరికీ అన్నీ ఇచ్చేసి లేచిపోతారు. మడి తడవడానికి కట్ట తెంపినట్టే. ఈ అబ్బాయి ఫోల్డర్‌ను ఆఫీసు గుంపు కిందికి తెచ్చి, 2775 పెట్టాడు. గుంపుకు రాసే హక్కు వచ్చింది, బయటివాళ్లకు రాలేదు. ముందున్న 2 వల్ల ఇకమీద లోపల పుట్టేవన్నీ అదే గుంపుకు చెందుతాయి.

అంతటితో లేవలేదు. “ఈ ఫోల్డర్ ఎవరు చేసిండ్రు?” అనడిగాడు. గుమాస్తా తన కంప్యూటర్ నుంచి చేశాడట. మనం వేరే చెప్పకపోతే సాంబా కొత్త ఫోల్డర్‌కు 0755, కొత్త ఫైలుకు 0744 మించి అనుమతి ఇవ్వదు. అంటే వచ్చే వానాకాలం ఫోల్డర్‌కూ ఇదే గతి. సాంబా అమరికల ఫైలులో ఆ రెండింటినీ 2775గా, 0664గా మార్చి, రాసింది సరిగ్గా ఉందో లేదో టెస్ట్‌పార్మ్‌తో సరిచూసి, అప్పుడు అమలు చేశాడు. కాంటా దగ్గర ఒక ఫైలు పెట్టించాడు. దాన్నే గుమాస్తా దగ్గర తెరిపించి, ఒక అంకె దిద్దించి, సేవ్ చేయించాడు. చివరికి ఆ పరీక్ష ఫైలు తుడిచేశాడు. పాత విలువలు, కొత్త విలువలు, తేదీ మిల్లు నోటుబుక్కులో రాసి ఇచ్చాడు.

మీ ఆఫీసులోనూ ఇలా ఫైలు రావడం లేదంటే, 777 జోలికి పోయే ముందు పక్క ఫోల్డర్‌లో ఒకటి పెట్టి చూడండి. కాదంటున్నది ఎవరో తెలుసుకోండి. ఎంత తక్కువో అంతే ఇవ్వండి. ఏం మార్చారో రాసిపెట్టండి.