180 గ్రాముల రికార్డు

కొత్తగా అచ్చయిన ఎల్.పి. ఒకటి 35 డాలర్లు పోసి కొన్నాను. అట్ట మీద ‘180 గ్రాములు’ అని బంగారు రంగు స్టిక్కరు. పియానో మీద నొక్కిపట్టిన స్వరం నిలవలేదు, ఉయ్యాలలా ఊగింది. వాయించినవాడి తప్పు కాదు. రికార్డుకి రంధ్రం సరిగ్గా నడిమధ్యన పడలేదు.

నిమిషానికి 33⅓ చుట్లు, అంటే చుట్టుకి 1.8 సెకన్లు. రంధ్రం అర మిల్లీమీటరు పక్కకి జరిగితే చాలు, లేబులుకి దగ్గర్లో, కేంద్రానికి ఆరు సెంటీమీటర్ల దూరంలో, చుట్టుచుట్టుకీ శ్రుతి సుమారు 0.8 శాతం ఎక్కి, అంతే దిగుతుంది. తంబురా విని పెరిగిన చెవి దీన్ని క్షమించదు. రెండోవైపు ఇంకో జబ్బు: గుడ్డ చింపుతున్నట్టు చప్పుడు. వేడి వినైల్ ముద్ద గాడి అచ్చులోకి పూర్తిగా పారకపోతే వచ్చేది అదే. బరువు పెంచితే ఈ రెండిట్లో ఏదీ తగ్గదు. మందం పెరుగుతుంది, అంతే.

2022లో అమెరికాలో ఎల్.పి.ల అమ్మకాలు సంఖ్యలో సీడీలను దాటాయి, 1987 తర్వాత మొదటిసారి. గిరాకీతోపాటు ధరా పెరిగింది. పరీక్షించి చూసే ఓపిక మాత్రం పెరిగినట్టు లేదు.

దుకాణంవాడు మారు మాట్లాడకుండా వేరే కాపీ ఇచ్చాడు. అదీ ఊగింది! చివరికి అదే ఆల్బం 1970లలో అచ్చయినది ఎనిమిది డాలర్లకి దొరికింది. పాతవన్నీ మంచివని కాదు. ఇది పల్చగా ఉంది, గీతలూ ఉన్నాయి. స్వరం నిలబడింది.