రాక్షసుడి పక్కన నిలబడ్డ మనిషి

టాడ్ బ్రౌనింగ్ తీసిన ‘డ్రాకులా’ (1931)లో ఒక ఓడ తుఫానుకు కొట్టుకొని ఇంగ్లండ్ రేవు చేరుతుంది. నావికుల్లో ఒక్కరూ బతికి లేరు. రేవు మనుషులు సరుకు గది మూత తెరిచేసరికి అడుగు నుంచి నవ్వు వినిపిస్తుంది. పైనుంచి కెమెరా కిందికి చూస్తే, మెట్ల అడుగున ఒకడు రెప్ప వేయకుండా మనవైపే చూస్తుంటాడు. నోరు పెద్దగా తెరవడు. సగం ఊపిరి, సగం నవ్వు కలిసిన చప్పుడొకటి గొంతులోంచి ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఉండేది కొద్ది క్షణాలే. తొలినాటి టాకీ హారర్‌లో అంతకు మించిన నటన నాకు కనబడలేదు. ఆ సినిమా అనగానే లోకానికి గుర్తొచ్చేది డ్రాకులా వేషం కట్టిన బేలా లుగోసీ. మెట్ల కింద నవ్వినవాడు డ్వైట్ ఫ్రై. డ్రాకులాకు దాసుడైపోయిన రెన్‌ఫీల్డ్ పాత్ర అతనిది.

మన ఊళ్లలో అమ్మవారి జాతరకు వెళ్లినవాళ్లకు తెలుసు. గుళ్లో విగ్రహం కదలదు, మాట్లాడదు. పూనకం వచ్చిన మనిషి ఒళ్లు విరుచుకున్నప్పుడు, గొంతు మారినప్పుడు, అమ్మ వచ్చిందని జనానికి నమ్మకం కుదురుతుంది. హారర్ సినిమాలో క్యారెక్టర్ ఆర్టిస్టు పని సరిగ్గా అదే. రాక్షసుడు హుందాగా నిలబడితే చాలు. అతడి శక్తి ఎంతటిదో పక్కనున్నవాడి ఒంట్లో కనబడాలి. ఈ విద్యను తెరమీద అందరికన్నా ముందుగా, అందరికన్నా బాగా చూపినవాడు ఫ్రై అని నా నమ్మకం.

అతను 1899లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, సలైనా ఊళ్లో పుట్టాడు. పెరిగింది డెన్వర్‌లో. చిన్నప్పుడు నేర్చుకున్నది పియానో. తర్వాత నాటకాల కంపెనీల్లో చేరాడు. నాటకం వెంట నాటకం మార్చి ఆడే ఆ కంపెనీల్లో ఈ వారం ముసలివాడు, వచ్చే వారం ప్రేమికుడు. వేషానికి తగ్గట్టు గొంతూ నడకా అప్పటికప్పుడు మార్చుకోకపోతే అక్కడ బతుకు లేదు. 1922లో పిరాండెల్లో నాటకం ‘సిక్స్ క్యారెక్టర్స్ ఇన్ సెర్చ్ ఆఫ్ యాన్ ఆథర్’ న్యూయార్క్‌లో ఆడినప్పుడు కొడుకు పాత్ర వేశాడు. హాస్యాలు, సంగీత నాటకాలు కూడా చేశాడు. ‘ద డెవిల్ ఇన్ ద చీజ్’ అనే హాస్య నాటకంలో లుగోసీతో కలిసి రంగస్థలం మీద నిలబడ్డాడు. అప్పటికి ‘డ్రాకులా’ సినిమాకు ఇంకా నాలుగేళ్లుంది.

బ్రామ్ స్టోకర్ నవలలో ట్రాన్సిల్వేనియా కోటకు వెళ్లేది జోనథన్ హార్కర్. రెన్‌ఫీల్డ్ మొదటి నుంచీ పిచ్చాసుపత్రి రోగే. సినిమావాళ్లు ఆ ప్రయాణాన్ని రెన్‌ఫీల్డ్‌కు అప్పగించారు. ఈ ఒక్క మార్పు ఫ్రైకి వరమైంది. మతి ఉన్న మనిషిగా మొదలై మతి పోయినవాడిగా ముగిసే దారి దొరికింది. మొదట్లో అతను చక్కగా సూటు వేసుకున్న మర్యాదస్తుడు. పల్లెజనం కోటకు వెళ్లొద్దంటే పని మీద వచ్చానని చిరునవ్వుతో చెబుతాడు. కాగితాల మధ్య వేలికి గుచ్చుకుని రక్తం చుక్క కనబడితే అది చిన్న గాయమేనన్నట్టు చూసుకుంటాడు. ఈ ఘట్టాల్లో అతని మాట మెత్తగా, తూకంగా ఉంటుంది. ఓడలో నవ్వు మనల్ని వణికించడానికి కారణం ఇదే: ఇందాకటి పెద్దమనిషి ఇతనేనని మనకు గుర్తుంది.

మరొక సంగతి. ఆ సినిమాలో పేర్ల దగ్గర, కచేరీ ఘట్టంలో తప్ప నేపథ్య సంగీతం దాదాపు లేదు. ఇప్పటి హారర్‌లో వయొలిన్లు, ఢమఢమలు చేసే పనంతా అప్పుడు నటుడి గొంతు మీద పడింది. ఎలుకల ముచ్చట వినండి. డ్రాకులా తనకు ఏం ఆశ చూపాడో రెన్‌ఫీల్డ్ చెబుతాడు: ఎర్రటి మంచు విడిపోవడం, వేలాది ఎలుకలు, వాటి ఎర్రటి కళ్లు. వీటిలో ఒక్కటీ తెరమీదికి రాదు. కనబడేది ఫ్రై ముఖమే. గొంతు గుసగుసలోకి దిగుతుంది, ఆశతో పైకి లేస్తుంది, తెగిపోతుంది. మనకు ఎలుకలు కనబడతాయి. పియానో నేర్చుకున్న చేతులకు లయ తెలిసినట్టే ఈ గొంతుకూ తెలుసు.

అవే సెట్ల మీద రాత్రిపూట స్పానిష్ ‘డ్రాకులా’ తీశారు. అందులో రెన్‌ఫీల్డ్‌గా పాబ్లో ఆల్వరెజ్ రూబియో అరుపులతో, కేకలతో చెలరేగిపోతాడు. అదీ మంచి నటనే. కెమెరా పనితనంలో ఆ సినిమానే మెరుగనేవాళ్లున్నారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ రెన్‌ఫీల్డ్ దగ్గరికొచ్చేసరికి ఫ్రైదే పైచేయి. కేకలకు చెవులు అలవాటు పడతాయి. అణచిపెట్టిన నవ్వు ఎప్పుడు బయటపడుతుందో తెలియక మనం ఊపిరి బిగబట్టుకుంటాం.

అదే ఏడాది చివర్లో జేమ్స్ వేల్ ‘ఫ్రాంకెన్‌స్టీన్’ వచ్చింది. అందులో ఫ్రై గూని సహాయకుడు ఫ్రిట్జ్. మేరీ షెల్లీ నవలలో అలాంటివాడు లేడు, నాటకాల నుంచి వచ్చిన పాత్ర. చేతిలో మరీ పొట్టి కర్ర ఉంటుంది కాబట్టి నడిస్తే ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగిపోవాల్సిందే. ఆ కర్ర ఎంపికలోనే సగం పాత్ర ఉంది. తలుపు దగ్గర వచ్చినవాళ్లను కసిరి, మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, జారిన మేజోడు పైకి లాక్కుంటాడు. కథకు ఆ మేజోడుతో ఏ పనీ లేదు. అయినా ఆ ఒక్క క్షణంతో, ఈ సినిమా అయ్యాక కూడా వీడి బతుకు సాగుతుందేమో అనిపిస్తుంది. అలాంటివాడే కాగడాతో రాక్షసుణ్ణి హింసిస్తాడు. లోకం అతణ్ణి చూసినట్టే అతను తనకన్నా దిక్కులేనివాణ్ణి చూస్తాడు. చివరికి అతని చావు మనకు మొదట తెలిసేది కేక ద్వారానే.

‘ద వ్యాంపైర్ బ్యాట్’ (1933) చిన్న కంపెనీ సినిమా, గొప్పదేమీ కాదు. ఫ్రై కోసం చూడాలి. గబ్బిలాలను ముద్దుచేసే అమాయకుడు హెర్మన్‌ను ఊరంతా రక్తపిశాచమని తరుముతుంది. రెన్‌ఫీల్డ్‌కు వాడిన చూపే, గొంతే ఇక్కడ జాలి పుట్టిస్తాయి. అతని విద్య లోతు నాకు అర్థమైంది ఈ సినిమాలోనే.

పరిశ్రమ మాత్రం ఆ లోతు పట్టించుకోలేదు. పిచ్చివాడి ముద్ర పడ్డాక మరో రకం వేషం దొరకడం కష్టమైంది. ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్’ (1935)లో అతను చేసిన కార్ల్ పాత్రలో చాలా భాగం కత్తిరింపులో పోయింది. 1943 నాటి ‘ఫ్రాంకెన్‌స్టీన్ మీట్స్ ద వుల్ఫ్ మ్యాన్’లో ఊరి జనంలో ఒకడు. యుద్ధకాలంలో ఇల్లు గడవడానికి రాత్రిపూట విమానాల ఫ్యాక్టరీలో పనిముట్ల డిజైన్ చేశాడు. అప్పుడే ‘విల్సన్’ సినిమాలో యుద్ధమంత్రి న్యూటన్ బేకర్ వేషానికి పిలుపొచ్చింది. ఏళ్ల తరవాత దొరికిన గౌరవమైన పాత్ర. అది మొదలుకాకముందే, 1943 నవంబరు 7న, గుండెపోటుతో పోయాడు. వయసు 44. ఇలాంటి నటుడికి పరిశ్రమ చేసింది అన్యాయమే. ఇంకో మాట నాకు తోచదు.

1971లో రాక్ గాయకుడు ఆలిస్ కూపర్ బృందం అతని పేరు మీద ఒక పాట చేసింది. ఫ్రిట్జ్ పేరు మాత్రం జనం మరిచిపోయారు. శాస్త్రవేత్త పక్కన ఉండే గూనివాణ్ణి ఇప్పుడు అందరూ ఇగోర్ అంటారు. ఆ పేరు 1939లో ‘సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్’లో లుగోసీ వేసిన పాత్రది. అతను గూనివాడు కాదు, ఉరి తీసినా చావకుండా మెడ విరిగి బతికినవాడు. పేరు లుగోసీ పాత్రది, ఒళ్లు ఫ్రైది. మెల్ బ్రూక్స్ ‘యంగ్ ఫ్రాంకెన్‌స్టీన్’ (1974)లో మార్టీ ఫెల్డ్‌మన్ ఇగోర్‌గా పొట్టి కర్ర ఊతంతో మెట్లు దిగుతూ, తనలాగే నడవమని డాక్టరు చేతికి ఆ కర్ర ఇస్తాడు. డాక్టరు అలాగే కుంటుతూ వెనక దిగుతాడు. ఆ నడక 1931 నాటి ఫ్రైది.